పొయ్యి వెలగని ఇల్లు

సోమవారం

అల్లుడుగారు పొద్దున్నే దిగబడ్డాడు. పేటకి సరిగ్గా నడినెత్తిన, గద్దలు తిరిగే ఎత్తుకి ఇంకా పైన. కంటికి కనబడేది గోరంత చుక్క. చెవికి మాత్రం దూరంగా ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆగకుండా రొద. లోపల మనిషి లేని విమానం అది. చూసిందంతా అవతలి వాళ్ళకి చెబుతుంది, వాళ్ళు ఊ అంటే బాంబు కూడా అదే వేస్తుంది. దానికి అల్లుడుగారని పేరు పెట్టింది మా అక్క. పిలవకుండా వస్తాడు, వచ్చినవాడు కదలడు, ఏం చేసినా వంకపెడతాడు, ఎందుకు అలిగాడో చచ్చినా చెప్పడు. ఆ పేరు పేటంతా పాకిపోయి ఇప్పుడు పసిపిల్లలు కూడా అలాగే పిలుస్తున్నారు.

ఈ దినచర్య రాయమన్నది రక్షణ కమిటీ. వీధికొకరు రాయాలట, యుద్ధం అయ్యాక ఎవరో చదువుతారట. బ్యాటరీ ఉన్న వస్తువేదైనా పైవాడి చెవిన పడుతుందని ఫోన్లన్నీ కాలవలో పారేయించారు కనక కాగితం మీదే రాయాలి. మా వీధికి నన్ను ఎంచారు. నేను బస్సు కండక్టరుగా చేసినదాన్ని. టిక్కెట్టు తీసుకోనివాణ్ణి వెనక నుంచి మెడ చూసే పట్టేదాన్నని నాకు పేరు. నా పేరు అనసూయ అయినా అందరూ కండక్టరమ్మ అనే అంటారు.

నిన్న టైలరు వీరభద్రం ఇంటి మీద బాంబు పడింది. ముందురోజే వాళ్ళ అత్తగారు జ్వరంతో పోయింది. ఇంట్లోవాళ్ళు, పరామర్శకి వచ్చినవాళ్ళు అందరూ కప్పు కిందే ఉండిపోయారు. బయటికి తీయడానికి మూడు వీధుల మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు, గుంపుగా వెళ్ళకూడదు కదా. దుమ్ము అణిగాక ఎప్పట్లాగే అల్లుడుగారు నోరు విప్పాడు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళ తెలుగు అది, ఒక్క తప్పుండదు. "శత్రు స్థావరం ధ్వంసమైంది. కుటుంబాలు నివసించే ఇళ్ళకు ఏ ముప్పూ లేదు. ప్రజలు నిశ్చింతగా ఉండవచ్చు" అన్నాడు. వీరభద్రం అత్తగారి శవం, ఆవిడ చుట్టూ కూర్చుని ఏడుస్తున్న ఆడవాళ్ళు, అదీ ఆ స్థావరం.

అంతకుముందు బియ్యం కామరాజు ఇంట్లోనూ ఇదే జరిగింది. వాళ్ళ నాన్న ఆయాసంతో పోయాడు, మర్నాడే బాంబు. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా మామూలు చావు జరిగిన ఇంటినే వెతుక్కుని ఎలా పడుతుంది? ఎవరో చెబుతున్నారు. మనలోవాళ్ళే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

పైగా చావిల్లంటే పేటలో అన్నిటికంటే భద్రమని అందరం అనుకుంటాం. పైవాడికి వేడి కనబడుతుందని, వంట ఒంటిపూటకి తగ్గించమని, వంటింటి కప్పు మీద తడి గోనెలు పరవమని కమిటీవాళ్ళు ప్రాణం తీస్తున్నారు. చావింట్లో ఆ బాధే లేదు. మా పేటలో మనిషి పోతే మూడోనాటి దాకా పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే వండి పంపాలి. వేడి లేని ఇల్లు కదా అని పరామర్శ వంకతో పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడే పడుకోబెట్టుకున్నవాళ్ళున్నారు. కామరాజు ఇంట్లో అలాంటి పిల్లలే ఎక్కువమంది పోయారు.

నా గుబులు వేరు. అక్క నాగరత్నం మంచంలో ఉంది. గుక్కెడు జావ దిగడం కష్టంగా ఉంది. అక్క పోతే మాదీ చావిల్లే. అక్క కూతురు తాయారు, దాని ఇద్దరు పిల్లలు ఈ ఇంట్లోనే ఉన్నారు. వేరే చోటికి పోదామంటే మూటాముల్లె పట్టుకుని కదిలేవాళ్ళని అల్లుడుగారు అస్సలు వదలడు. కాబట్టి అక్క పోయేలోగా ఆ చెప్పేదెవరో నేను పట్టుకోవాలి.

మంగళవారం

గోనెలు తడిపి కప్పు మీద పరిచాను. కాలవ నీళ్ళకి వెళ్ళాను. రేవులో ఒక్కరే ఉండాలి, ముందుమనిషి ఎక్కి వచ్చేదాకా రెండోమనిషి చెట్టు కింద ఆగాలి. అగ్గిపెట్టెలు దొరకడం మానేశాయి గనక ఎదురింటి నుంచి మూకుడులో నిప్పులు తెచ్చుకుని ఊక పొయ్యి రాజేశాను. అన్నం, చారు. అక్కకి జావ.

మేం తింటుండగా పల్లాలమ్మ వచ్చింది. యుద్ధానికి ముందు బస్టాండు పక్కన భోజనం హోటలు నడిపేది. హోటలు కూలిపోయాక ఈ పని పెట్టుకుంది. ఎవరింట్లోనైనా చావు జరిగితే నాలుగిళ్ళలో కూడు పోగుచేసి, క్యారేజీలకెత్తి ఆ ఇంటికి మోసుకెళుతుంది. జీతం లేదు, బత్తెం లేదు. ఈ రోజుల్లో ఊరికే చాకిరీ చేసే మనిషిని చూస్తే నాకు ఒళ్ళు చిరచిరలాడుతుంది.

గుమ్మంలోనే నిలబడి, "పెద్దమ్మగారికి ఎలాగుందండి?" అంది.

"అలాగే ఉంది."

"ఏవన్నా మింగుతున్నారా?"

"ఏదో."

"ఇంట్లో మొత్తం ఎంతమందండి మీరు?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అక్క ఇంకా బతికే ఉంది. ఇంట్లో ఎంతమందిమో ఈవిడకి ఇప్పుడెందుకు? తాయారు అమాయకంగా లెక్క చెప్పబోతే కళ్ళెర్రజేసి ఆపాను. పల్లాలమ్మ ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

తరవాత ఆరా తీశాను. కామరాజు ఇంటి పక్కవాళ్ళని అడిగితే అక్కడా అదే అడిగిందట. వీరభద్రం ఇంట్లోనూ అడిగిందట. రెండిళ్ళలోంచీ క్యారేజీలు దించేసి బయటికొచ్చాకే బాంబు పడింది, ఆవిడకి గీత కూడా పడలేదు. సాయంత్రం ఆవిడ ఇంటివైపు వెళ్ళి గోడ మీంచి చూశాను. పెరట్లో ఎండకి కూర్చుని క్యారేజీ మూతలు ఒక్కొక్కటీ పైకెత్తి అటూ ఇటూ తిప్పుతోంది. మూత తళుక్కుమంటోంది. పైన రొద వినబడుతూనే ఉంది.

అక్కతో చెబితే నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. "మూతలు తడారబెట్టుకుంటుంది కాబోలే. నీ అనుమానం మండా, పెళ్ళిచూపులకొచ్చిన మీ బావనే టిక్కెట్టు చూపించమని అడిగావు నువ్వు" అంది. అక్కకి ఇప్పుడు అందరూ మంచివాళ్ళే.

గురువారం

ఐసు ఫ్యాక్టరీ చల్లగదిలో మీటింగు పెట్టారు. గోడలు మందం గనక లోపల ఎంతమంది కూర్చున్నా వేడి బయటికి తెలియదు. కమిటీ ప్రెసిడెంటు అబ్బులుగారు బల్ల మీద కూర్చుని, "కండక్టరుగారూ, మీరే చెప్పండి" అన్నారు. చూసినదంతా వరసగా చెప్పాను. ఎంతమందని అడగడం, బాంబు ముందు బయటపడటం, మూతలతో ఎండలో తళుకులు. చెబుతుంటే గదంతా గుసగుసలాడింది.

పల్లాలమ్మ లేచి నిలబడింది. భయపడుతుందనుకున్నాను. కోపంగా ఉంది.

"ఎంతమందని అడక్కపోతే అన్నం ఎంతెత్తాలో ఎలాగ తెలుత్తాదండి? తక్కువైతే ఏడుత్తున్నోళ్ళు ఇంకాత్త పెట్టమని అడగరు. ఎక్కువైతే పారబోత్తారు. ఈ రోజుల్లో పారబోత్తే పాపం కాదా?"

"మా ఇంట్లో ఎవరూ పోలేదు కదా, మా లెక్క ఎందుకు?" అన్నాను.

"పెద్దమ్మగారు రేపో మాపో అన్నట్టున్నారు. ముందే సెప్పి ఉంచుకుంటే నాలుగిళ్ళవాళ్ళు బియ్యం దాసిపెట్టుకుంటారని."

ఆ మాటకి నాకు మండిపోయింది. అక్క చావుకి ముందే వంట లెక్కలు వేస్తోందని. ఆవిణ్ణి పేట నుంచి వెళ్ళగొట్టాలనేవాళ్ళని అబ్బులుగారు చేతులెత్తమన్నారు. దాదాపు అందరూ ఎత్తారు. ఆవిడ ఇక కాలవ అవతల మూతపడ్డ రైసుమిల్లులో ఉండాలి, పేటలోకి రాకూడదు. ఆవిడకి నిప్పు మాత్రం ఎవరూ ఇవ్వకూడదని, పొగతో సైగ చేస్తుందని నేనే అన్నాను. దానికి కూడా చేతులెత్తారు.

ఆవిడ క్యారేజీలన్నీ బల్ల పక్కనే వదిలేసి, ఒక్క గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం

గంటి సోమరాజుగారు శుక్రవారం నాడు గుండె ఆగి పోయారు. అల్లుడుగారు వాళ్ళ వీధి మీద చాలాసేపు తచ్చాడాడు. పేటంతా ఊపిరి బిగబట్టింది. ఇవాళ మూడోనాడు కూడా గడిచింది. బాంబు పడలేదు.

జనం నన్ను నెత్తిన పెట్టుకున్నారు. రేవులో నీళ్ళకి నిలబడితే ముందు నన్ను వెళ్ళమన్నారు. అబ్బులుగారు ఇంటికొచ్చి, "మీరు పట్టుకోకపోతే ఇంకెన్ని కొంపలు పోయేవో" అన్నారు. లోపల గర్వంగానే ఉంది, దాచుకోను. అక్క మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంకో సంగతి రాయాలి. పల్లాలమ్మకి దొంగతనంగా కూడు అందుతోంది. బాంబు పడ్డ పూట ఇంట్లో లేక బతికిన వీరభద్రం కూతురు కొంగు కింద గిన్నెతో కాలవ దాటడం చూశాను. కామరాజు తమ్ముడు కూడా వెళ్ళాడు. ఆమె పెట్టిన చావుకూడు తిని బతికినవాళ్ళు వీళ్ళంతా. రోజంతా ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని మిల్లులోకి వెళ్ళి వస్తూనే ఉన్నారు. వీళ్ళకీ ఆవిడకీ మధ్య ఇంకేదో ఉందని నా అనుమానం. అబ్బులుగారికి చెప్పాలి.

బుధవారం

పడవ అప్పలరాజు ఇంటి మీద బాంబు పడింది.

నిన్న అతని తల్లి పోయింది. ఇవాళ మధ్యాహ్నం, చుట్టాలందరూ కూడి ఉండగా. అల్లుడుగారు మళ్ళీ అదే శుభ్రమైన తెలుగులో శత్రు స్థావరమన్నాడు, కుటుంబాలకు ముప్పు లేదన్నాడు. అప్పలరాజు ఒక్కడే బతికాడు. నీళ్ళకి రేవుకి వెళ్ళాడట. మట్టిలో కూర్చుని, ఎవరు పలకరించినా "మా ఇంట్లో పొయ్యి కూడా లేదండి, పొయ్యి కూడా లేదండి" అంటున్నాడు.

పల్లాలమ్మ ఆ ఇంటి ఛాయలకి కూడా రాలేదు. మిల్లు నుంచే ఏదో సైగ చేసుంటుందని అబ్బులుగారన్నారు. నిప్పు లేదు, క్యారేజీ మూతల్లేవు, దేనితో చేస్తుంది? పైకి మాత్రం అనలేదు.

అప్పుడు అనుమానం ఇంకోవైపు తిరిగింది. మూడు చావిళ్ళు కూలితే గంటివారిల్లు ఒక్కటే ఎందుకు నిలబడింది? చెప్పేవాళ్ళు తమ ఇంటి గురించి చెప్పుకోరు కదా. సాయంత్రం కాకుండానే వాళ్ళింటికి వెళ్ళాను. సోమరాజుగారి భార్య పడుకుని ఉంది. కోడలు హిమజ పెరటిగదిలో పసిపాపకి పాలిస్తోంది. బాలింత. నన్ను చూడగానే మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఇరవై ఏళ్ళు టిక్కెట్లు అడిగినదాన్ని, ఆ మొహం నాకు తెలుసు. ఏదో దాస్తోంది.

తలుపు వేసి, "మీ మావగారు పోయినప్పుడు ఈ ఇంట్లో ఏం జరిగిందో చెప్పు. దాస్తే అబ్బులుగార్ని పిలుస్తాను" అన్నాను.

ఆ పిల్ల పాపని గుండెకి హత్తుకుంది. "అత్తయ్యగారికి చెప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎవరికి చెప్పావు? ఎలా చెప్పావు?"

"చెప్పడమేంటండీ?" అని తెల్లమొహం వేసి, ఏడుస్తూ అంది. "నేను పొయ్యి వెలిగించానండి. మావయ్యగారు ఇంకా హాల్లో ఉండగానే. పాపకి వేణ్ణీళ్ళు పోయకపోతే ఒళ్ళు చల్లబడిపోతోంది. నాక్కూడా పథ్యం వండుకోకపోతే పాలు పడట్లేదు. వచ్చిన కూడు తింటే పాపకి విరోచనాలు. మూడురోజులూ రెండుపూటలా ఈ గదిలోనే వెలిగించాను. గోనెలు కూడా పరవలేదు. నాకు పాపం తగులుతుందాండీ?"

మూలనున్న పొయ్యి వైపు చూశాను.

నేను పనిచేసే రోజుల్లో చీకటిపడ్డాక బస్సు వస్తుంటే జనం ముందు బోర్డు మీది లైటు చూసేవాళ్ళు. లైటుంటే చెయ్యెత్తేవాళ్ళు. లేకపోతే డిపోకి పోయే బండి అనుకుని ఊరుకునేవాళ్ళు, లోపల సీట్ల నిండా మనుషులున్నా సరే. అంత దూరం నుంచి మనిషైనా ఒక్క గుర్తునే చూస్తాడు. పైవాడూ అంతే. వాడి లెక్కలో పొయ్యి వెలిగితే కాపురం. పొయ్యి వెలగకుండా, రోజంతా కొత్తమనుషులు వచ్చిపోతూ, బయటి నుంచి గిన్నెల్లో కూడు అందే ఇల్లంటే, వాడితో పోరాడే మన దళంవాళ్ళు దాక్కున్న ఇల్లు. మనకది చావిల్లని వాడికి ఎవరు చెబుతారు? ఏడ్చేవాళ్ళింట్లో పొయ్యి వెలిగించరని అవతలి దేశంలో ఎవడికి తెలుసు?

ఎవరూ చెప్పలేదు. మనలోవాళ్ళెవరూ చెప్పలేదు.

హిమజ తల మీద చెయ్యి వేసి, "పాపం తగలదు. రోజూ వెలిగించు" అన్నాను.

గురువారం

అబ్బులుగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన వింటూ వింటూ మధ్యలోనే తలూపడం మొదలెట్టారు.

"పొయ్యి తగ్గించమని జనం వెంటపడ్డది నేనే కదండీ. ఇప్పుడు చావింట్లో వెలిగించమంటే నన్ను కొట్టరా?"

"కొట్టినా ఫరవాలేదు, బతుకుతారు."

"ఒక్క ఇల్లు చూసి చెబితే ఎలాగండి? బాలింత పిచ్చి మాటలు. రేపు మీ మాట నమ్మి ఎవడైనా వెలిగిస్తే, దాని మీదే పడితే? ఆ పల్లాలమ్మ గొడవ ఒకటి సద్దుమణిగింది. మళ్ళీ కెలక్కండి."

"ఆమె తప్పేమీ లేదు అబ్బులుగారూ. నేనే పొరపాటు పడ్డాను."

"ఆ రోజు అందరం చెయ్యెత్తిందీ మీ మాట మీదే" అన్నారాయన, లేస్తూ.

ఇంటికొచ్చాను. మిల్లుకి వెళ్ళి పల్లాలమ్మని తీసుకురావాలని కాళ్ళు లాగుతున్నాయి. కానీ వెళ్ళలేదు. అక్కకి ఊపిరి ఎగశ్వాసగా ఉంది, వదిలి ఎలా వెళ్ళనని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఆమె ఎదుట నిలబడటానికి నాకు మొహం చెల్లలేదు.

అక్కకి అన్నీ చెప్పాను. కళ్ళు మూసుకునే విని, "నేను పోగానే పొయ్యి రాజెయ్యి" అంది.

"నువ్వెక్కడికీ పోవు."

"ఎందుకు పోనే? వారం రోజులుగా మీ మీద బాంబు పడుతుందని ఊపిరి ఉగ్గబట్టుకుని ఉన్నాను. ఇంక నా వల్ల కాదు. పొయ్యి పెడతానని చెప్పు, నిమ్మళంగా పోతాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ నేను అక్క చావుకి భయపడుతున్నానే తప్ప, చావకుండా ఉండటానికి అక్క ఎంత కష్టపడుతోందో చూడలేదు. అలాగే పెడతానని చేతిలో చెయ్యి వేశాను.

శనివారం

అక్క పొద్దున పోయింది. తాయారు జావ తీసుకెళితే నోరు తెరవలేదు.

చాప మీద దించి, దీపం పెట్టి, నేను తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. కప్పు మీది గోనెలు తీసి పారేశాను. పొయ్యిలో ఊక దట్టించి నిప్పు పెట్టాను. ఎదురింటివాళ్ళు, వీధివాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. పొగ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. అబ్బులుగారు పరుగెత్తుకొచ్చి, "శవం ఇంట్లో ఉండగా ఇదేం పనండీ? మీకు మతి పోయిందా?" అన్నారు. తాయారు నా చెయ్యి పట్టుకుని, "పిన్నీ, అమ్మ ఇంకా గడప దాటనైనా లేదు" అని గోలుగోలున ఏడ్చింది. అది కన్నతల్లి పక్కన పడి ఏడుస్తుంటే వంటింట్లో ఎసరు పెట్టుకున్నదాన్ని నేను. ఆ పిల్లకి నేనెలా కనబడ్డానో ఊహించుకోగలను.

"నీ పిల్లలు బతకాలా వద్దా?" అని మాత్రం అన్నాను.

జనం గబగబా తప్పుకున్నారు. మా ఇంటి మీదికి రొద దగ్గరైంది. అంత దగ్గరగా నేనెప్పుడూ వినలేదు. పిల్లలిద్దర్నీ పొయ్యి పక్కనే కూర్చోబెట్టుకుని మంట ఎగదోస్తూనే ఉన్నాను. పెద్ద గిన్నె నిండా అన్నం, ఆ తర్వాత పప్పు, ఆ తర్వాత ఊరికే నీళ్ళు. నా లెక్క తప్పయితే పిల్లల్ని నా చేతులతోనే చంపినట్టు. గరిటె రెండుసార్లు జారిపోయింది. వంటింటి గుమ్మంలోంచి అక్క పాదాలు కనబడుతున్నాయి. వాటివైపు చూడలేకపోయాను.

నీళ్ళు రెండోసారి మరిగేసరికి రొద పలచబడింది. మా కప్పు వదిలేసి జరిగింది. తాయారు ఏడుపు ఆపి నావైపు చూసింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అప్పటికి గానీ అక్క కోసం ఏడవలేదు.

ఎదురింటి ఆమె గోడ మీంచి తల పెట్టి, "అల్లుడుగారు కాలవ అవతలికి పోయాడండి, మిల్లు మీద తిరుగుతున్నాడు" అంది.

మిల్లు. పొయ్యి లేని చోటు, నిప్పు ఇవ్వకూడదని నేను కట్టడి చేసిన చోటు. పొద్దుట్నించీ చీకటిపడేదాకా ఎవరో ఒకరు గిన్నెలతో వచ్చిపోయే చోటు. నేనే చూశాను, నేనే రాశాను, నాకే తట్టలేదు.

పొయ్యిలోంచి నిప్పులు మూకుడులోకి లాగాను. మైలింటి నిప్పు గడప దాటకూడదు. మైలమనిషి ఇంకొకరి గుమ్మం తొక్కకూడదు. శవాన్ని తాయారుకి అప్పజెప్పి, మూకుడు పట్టుకుని నట్టెండలో కాలవ గట్టు మీద పడ్డాను. పట్టపగలు ఒంటరిగా, చేతిలో నిప్పుతో పోతున్న మనిషి పైవాడికి ఎలా కనబడుతుందో ఆలోచించే తీరిక లేకపోయింది.

మిల్లు తలుపు తోసేసరికి పల్లాలమ్మ ఒక్కతే ఉంది. గోడవార ఎవరెవరో తెచ్చిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి. మనిషి సగమైపోయింది. నా చేతిలో మూకుడు చూడగానే నీళ్ళబిందె అందుకుని నిప్పుల మీద పోయడానికి సిద్ధంగా నిలబడింది.

"పొగెట్టి నన్ను సూపిత్తానికి వచ్చారా?" అంది.

"కాదు. పైన వినబడుతోంది కదా. పొయ్యి పెట్టు. పెడితేనే పోతుంది."

"నిప్పు ఇవ్వద్దన్నది మీరే. ఇప్పుడు మోసుకొచ్చిందీ మీరే. ఎందుకొచ్చారో నాకు తెలవదంటారా?"

గబగబా అంతా చెప్పాను. హిమజ పొయ్యి, బోర్డు మీద లైటు, మా ఇంటి మీంచి వాడు జరిగిపోవడం. ఆమె మొహంలో ఏమీ మారలేదు. పర్సు ఎవరో కొట్టేశారని ఏడ్చే పాసింజర్ల వైపు నేనూ అలాగే చూసేదాన్ని. నేనామెని నమ్మకపోవడానికి నా దగ్గర రెండు తళుకులూ ఒక ప్రశ్నా ఉన్నాయి. నన్ను నమ్మకపోవడానికి ఆమె దగ్గర నేనే ఉన్నాను.

"పెద్దమ్మగారు?" అంది.

"పొద్దున పోయింది."

"మైల్లో వచ్చేశారా?"

ఊఁ అన్నాను. ఆమె నన్ను దాటుకుని వెళ్ళి తలుపు గడియ పెట్టింది. "అయితే మీరూ ఇక్కడే కూకోండి. పొగ లేచి, అది ఎల్లిపోయేదాకా. మజ్జిలో లేచారంటే ఈ నీళ్ళు దాని మీద పోసేత్తాను" అంది.

కూర్చున్నాను. మిల్లులో ఊకకి కొదవ లేదు. పగిలిన డబ్బాలో ఊక నింపి, మూకుడులోంచి నిప్పులు వంపి, తనే ఊదింది. నన్ను ముట్టనివ్వలేదు. బిందె మాత్రం చెయ్యి అందేటంత దగ్గరగా పెట్టుకుంది. కప్పు రేకుల మీద రొద చెవులు చిల్లులు పడేలా ఉంది. లేచి పారిపోదామని నాకు ఎన్నిసార్లు అనిపించిందో చెప్పలేను. ఆమె మంట వైపు చూడలేదు, పైకీ చూడలేదు. నా కాళ్ళ వైపే చూస్తూ కూర్చుంది.

నేల నెర్రెల్లోంచి ఏరుకున్న నూకలు గిన్నెలో పోసి జావ కాచింది. జావ చిక్కబడుతుండగా రొద కాస్త తగ్గింది. ఇంకా తగ్గింది. ఆఖరికి కాలవలో నీళ్ళ చప్పుడు వినబడింది.

ఆమె గిన్నె దించుకుని, నా ఎదురుగానే కూర్చుని జావంతా తాగింది. తనకి సరిపడానే కాచుకుంది. క్షమించమని అడగబోయి, ఖాళీ మూకుడు అందుకున్నాను. ఆమె గిన్నె కడిగి బోర్లించి, గడియ తీసి తలుపు పక్కన నిలబడింది.

"రేపట్నించి నిప్పు ఎవరిసేతైనా పంపండి" అంది. "మీరు రాకండి."